కుండ గాల్లో తేలుతున్నట్టు పడుతోంది: ఉట్టి సీన్‌కి బ్లెండర్ సిమ్యులేషన్ సాయం కావాలి

#1 గోదారిగట్టు

అందరికీ నమస్కారం. కృష్ణాష్టమి నాడు మా ఊళ్ళో ఉట్టి కొట్టే సందడి మీద మూడు నిమిషాల యానిమేషన్ సినిమా చేస్తున్నాను. మోడలింగ్ నుంచి రెండరింగ్ దాకా అన్నీ నేనే, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో. పిల్లాడు కర్రతో కుండని కొట్టే షాట్ దగ్గర పది రోజులుగా ఆగిపోయాను.

ముందు తేలిక పనితో మొదలుపెడదామని కుండని ఊరికే పై నుంచి పడేసి చూశాను. రిజిడ్ బాడీ (వంగని గట్టి వస్తువుగా లెక్కకట్టే సిమ్యులేషన్), యాక్టివ్, బరువు 4 కిలోలు. కానీ పడుతుంటే మట్టికుండలా లేదు, బెలూన్‌లా మెల్లగా దిగుతోంది. బరువు 40 కిలోలు చేసి చూశాను, ఏమీ మారలేదు.

ఇంకో సంగతి. రిఫరెన్స్ కోసం మా మేడ మీద నుంచి ఒక పాత కుండని నిజంగానే కింద పడేసి ఫోన్‌లో తీశాను. ఎత్తు సుమారు 4 మీటర్లు. ఆ వీడియోని బ్లెండర్‌లో పక్కన పెట్టుకుని లెక్కపెడితే, వదిలిన దగ్గర్నుంచి నేల తాకేదాకా 54 ఫ్రేములు. నా సిమ్యులేషన్‌లో 56. దాదాపు సరిపోయినట్టే కదా? మరి కంటికి ఎందుకు తప్పుగా కనిపిస్తోంది? సీన్ 24 ఫ్రేముల మీద ఉంది.

#2 పెంకుటిల్లు

తమ్ముడూ, కుండ సైజు ఎంత పెట్టావ్? వ్యూపోర్ట్‌లో ఎన్ నొక్కితే పక్కన ప్యానెల్ వస్తుంది, అందులో డైమెన్షన్స్ చూసి చెప్పు. ఇక్కడ ఇలాంటి ప్రశ్నలు వస్తే పదిలో తొమ్మిది స్కేల్ దగ్గరే తేలతాయి.

#3 గోదారిగట్టు

అన్నా, కుండ అడ్డం 2 మీటర్లు చూపిస్తోంది. యూవీ స్పియర్ వేసి దాన్నే లాగి కుండ చేశాను, సైజు పట్టించుకోలేదు. పందిరి, స్తంభాలు అన్నీ దానికి తగ్గట్టే కట్టాను. ఉట్టి ఎత్తు 27 మీటర్లు ఉంది. కానీ సైజు తప్పయితే రిఫరెన్స్‌తో ఎలా సరిపోయింది? అక్కడే నాకు అర్థం కావడం లేదు.

#4 నల్లబల్ల

బాబూ, నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. యానిమేషన్ రిటైరయ్యాక నేర్చుకుంటున్నాను. నీ ప్రశ్నలోనే జవాబుంది, కాగితం మీద చూద్దాం.

ఇంటర్ ఫస్టియర్ సూత్రమే. కింద పడిన దూరం హాఫ్ జీ టీ స్క్వేర్. జీ అంటే 9.81. ఇందులో బరువు ఎక్కడా లేదు, అందుకే 40 కిలోలు పెట్టినా మారలేదు. 4 మీటర్లు పడటానికి పట్టే కాలం 0.9 సెకను. 24 ఫ్రేముల లెక్కన 22 ఫ్రేములు. 27 మీటర్లకైతే 2.35 సెకన్లు, అంటే 56 ఫ్రేములు. నీ సిమ్యులేషన్ తప్పు చేయలేదు. నువ్వు చెప్పిన 27 మీటర్ల నుంచి 2 మీటర్ల అడ్డం ఉన్న కుండని సరిగ్గా పడేసింది. తొమ్మిది అంతస్తుల మేడ మీద నుంచి గదంత కుండ పడితే అలాగే ఉంటుంది.

ఇక నీ వీడియో. 4 మీటర్లకి 22 రావాలి, నీకు 54 వచ్చాయి. 54ని 0.9తో భాగించు, 60 వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో ఒకసారి చూడు. నువ్వు సెకనుకి 60 ఫ్రేములతో తీసి ఉంటావు. దాన్ని 24 ఫ్రేముల సీన్‌లోకి తెచ్చినప్పుడు ఫ్రేముకి ఫ్రేము పడి రెండున్నర రెట్లు నెమ్మదించింది.

#5 గోదారిగట్టు

మాస్టారూ, చూశాను. ఫోన్ 60 మీదే ఉంది. రెండు తప్పులు ఒకదానికొకటి సరిపోయాయి. పది రోజులు ఆ వీడియోని నమ్ముకుని కూర్చున్నాను. చాలా థాంక్సండీ.

#6 గీతల_పుస్తకం

ఇది అందరికీ పనికొచ్చే పాఠం కాబట్టి కొంచెం పొడిగిస్తాను. కాగితం మీద గీసే రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను.

మన కన్ను వస్తువు సైజుని అది పడే తీరుని బట్టే లెక్కకడుతుంది. కొలత పది రెట్లు పెరిగితే పడే కాలం పది రెట్లు కాదు, సుమారు 3.16 రెట్లు పెరుగుతుంది. పాతకాలం సినిమావాళ్ళు మినియేచర్లు తీసేటప్పుడు ఈ లెక్కనే తిరగేసి వాడుకున్నారు. అసలు దానిలో పదహారో వంతు బొమ్మని తీయాలంటే కెమెరాని నాలుగు రెట్ల వేగంతో, అంటే సెకనుకి 96 ఫ్రేములతో తిప్పేవారు. 24లో చూపిస్తే చిన్న బొమ్మ కూలడం పెద్ద మేడ కూలినట్టు కనిపించేది. గోదారిగట్టు తెలియకుండా అదే చేశాడు.

సిమ్యులేషన్ బటన్ నొక్కే ముందు మా పిల్లల చేత ఒక పని చేయిస్తాను. ఒక బంతిని చేత్తో కీఫ్రేమ్ చేసి, అంటే ఏ ఫ్రేములో ఎక్కడుండాలో మనమే పెట్టి, పడేయాలి. 24 ఫ్రేముల సీన్‌లో ప్రతి 6 ఫ్రేములకి ఒక గీత. మొదటి గీత 31 సెంటీమీటర్ల కింద, తర్వాతది ఇంకో 92, ఆ తర్వాత 153, ఆ తర్వాత 215. మొత్తం కలిపితే సెకనులో 4.9 మీటర్లు. ఆ దూరాలు ఒకటి, మూడు, అయిదు, ఏడు లెక్కన పెరుగుతున్నాయి చూడండి. గెలీలియో పట్టుకున్న లెక్క అది. ఎంత ఎత్తైనా, ఎన్ని ఫ్రేములకొక గీత పెట్టినా ఈ నిష్పత్తి మారదు. ఇది నాలుగుసార్లు చేత్తో చేసినవాళ్ళకి ఆ తర్వాత ఏ సిమ్యులేషన్ చూసినా తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

#7 కృష్ణాతీరం

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు బంతి పడుతోంది కానీ ఎగరడం లేదు. బౌన్సినెస్ 0.8 పెట్టాను, నేలకి అంటుకుపోయినట్టు ఆగిపోతోంది.

#8 గీతల_పుస్తకం

నేలకి కూడా పెట్టాలమ్మా. బ్లెండర్ రిజిడ్ బాడీ వెనక ఉన్న బుల్లెట్ ఇంజిన్ రెండు వస్తువుల బౌన్సినెస్‌నీ గుణిస్తుంది. నేలకి మామూలుగా సున్నా ఉంటుంది, సున్నాతో గుణిస్తే సున్నాయే. నేలకి 1 పెట్టి, బంతికి నీకు కావలసినది పెట్టు.

ఎంత పెట్టాలో అంచనా కావాలంటే టెన్నిస్ బంతి మంచి గుర్తు. పోటీలకి వాడే మామూలు బంతిని 254 సెంటీమీటర్ల నుంచి గట్టి నేల మీద పడేస్తే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలని నియమం. ఎగిరిన ఎత్తుని పడిన ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే 0.73 నుంచి 0.76 వస్తుంది. బంతికి 0.75 పెట్టేయ్.

#9 గోదారిగట్టు

సీన్ మొత్తం చిన్నది చేశాను. కుండ 30 సెంటీమీటర్లు, ఎత్తు 4 మీటర్లు. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశాను. 22 ఫ్రేములకి నేల తాకింది! మా అమ్మని పిలిచి చూపిస్తే "ఇప్పుడు కుండలా ఉంది" అంది.

ఇక అసలు కష్టం. సెల్ ఫ్రాక్చర్ అనే పగలగొట్టే యాడాన్‌తో కుండని 80 ముక్కలు చేశాను. అన్నిటికీ రిజిడ్ బాడీ ఇచ్చి ప్లే నొక్కితే, కర్ర ఇంకా ఆమడ దూరంలో ఉండగానే మొదటి ఫ్రేములోనే కుండ బాంబులా పేలిపోతోంది. అదీకాక ఆ ముక్కలు పెంకుల్లా లేవు, పగిలిన సిమెంటు దిమ్మలా ఉన్నాయి.

#10 పెంకుటిల్లు

ఈ పేలుడు నేను కూడా మొదటి ఉద్యోగంలో చూసి బెదిరిపోయాను. రాత్రి పన్నెండింటికి షాట్ ఇవ్వాల్సి ఉండగా మేడ గోడ మొత్తం మొదటి ఫ్రేములో ఎగిరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక పెంకుని చేతిలోకి తీసుకుని చూడు. అది దోసిలిలా వంపు తిరిగి ఉంటుంది. నువ్వు కొలిజన్ షేప్ (తాకిడి లెక్కకి ఇంజిన్ వాడే ఆకారం) కాన్వెక్స్ హల్ పెట్టి ఉంటావు, మామూలుగా వచ్చేది అదే. కాన్వెక్స్ హల్ అంటే ఆ పెంకు చుట్టూ బిగుతుగా బట్ట కట్టినట్టు. వంపులో ఉన్న ఖాళీ కూడా నిండిపోతుంది. చూడటానికి పక్కపక్కన ఉన్న పెంకులు ఇంజిన్ లెక్కలో ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. ఇంజిన్ వాటిని విడదీయడానికి తోస్తుంది, కుండ పేలుతుంది. ఇదే కారణంతో కాన్వెక్స్ హల్ ఇచ్చిన కుండలో నాణేలు వేస్తే లోపలికి పోకుండా మూతి మీదే నిలబడతాయి.

రెండోది మార్జిన్, అంటే వస్తువు చుట్టూ ఇంజిన్ లెక్కలో వదిలే ఖాళీ. మామూలుగా 0.04, అంటే 4 సెంటీమీటర్లు. నీ కుండ గోడ మందం ఒక సెంటీమీటరు ఉంటుందేమో. షేప్‌ని మెష్‌కి (పెంకు అసలు ఆకారానికి) మార్చి మార్జిన్ 0.001 చెయ్యి. కదిలే వస్తువులకి మెష్ షేప్ నెమ్మది, కొంచెం వణుకుతుంది కూడా. కానీ ఇక్కడ తప్పదు. డీయాక్టివేషన్ ఆన్ చేసి, స్టార్ట్ డీయాక్టివేటెడ్ కూడా టిక్ పెట్టు. ఏదైనా తాకేదాకా పెంకులు నిద్రలో ఉంటాయి. పెంకుల మధ్య ఫిక్స్‌డ్ కన్‌స్ట్రెయింట్లు (ఒకదాన్నొకటి పట్టి ఉంచే బంధాలు) పెట్టి బ్రేకబుల్ చేస్తే ఇంకా బాగుంటుంది. కర్ర తగిలిన చోట ముందు తెగి, మిగతాది రెండు ఫ్రేములు ఆగి విడిపోతుంది.

ముక్కల ఆకారం గురించి. సెల్ ఫ్రాక్చర్ ఊరికే వదిలేస్తే అంతటా ఒకే సైజు ముక్కలు చేస్తుంది. మట్టికుండ అలా పగలదు. దెబ్బ తగిలిన చోట వేలిగోరంత చూర్ణం, అక్కడి నుంచి బయటికి పొడుగాటి పగుళ్ళు, అవతలి వైపు అరచేయంత పెద్ద పెంకులు. పాయింట్ సోర్స్‌లో ఆనొటేషన్ పెన్సిల్ ఎంచుకుని, కర్ర తగిలే చోట దట్టంగా, వెనక రెండు మూడు చుక్కలు మాత్రమే గియ్యి. 80 ముక్కలు అక్కర్లేదు, 35 చాలు. ఇంకొకటి, పగలగొట్టే ముందు సాలిడిఫై ఇచ్చి గోడకి మందం ఇచ్చావా? ఇవ్వకపోతే లోపలంతా గట్టిగా ఉన్నట్టు కోస్తుంది, దిమ్మలా కనిపించేది అందుకే.

#11 గోదారిగట్టు

మందం ఇవ్వలేదన్నా. ఇప్పుడు ఇచ్చాను, ముక్కలు పెంకుల్లా వచ్చాయి. పేలడం కూడా ఆగింది. కానీ చిన్న ముక్కలు నేల మీద పడ్డాక ఆగకుండా జలజలా వణుకుతున్నాయి, కొన్ని నేలలోకి దిగిపోతున్నాయి. కర్ర కూడా కుండని తాకకుండా లోపలికి దూరి, అప్పుడు పగలగొడుతోంది.

#12 పెంకుటిల్లు

కర్రది సబ్‌స్టెప్స్ గొడవ, అంటే ఒక్కో ఫ్రేముని ఇంజిన్ ఎన్ని చిన్న అడుగులుగా లెక్కకడుతుందనేది. పిల్లాడు గట్టిగా తిప్పితే కర్ర కొన సెకనుకి 12 మీటర్ల వేగం అందుకుంటుంది అనుకుందాం. 24 ఫ్రేముల్లో అది ఫ్రేముకి 50 సెంటీమీటర్లు. సబ్‌స్టెప్స్ 10 ఉంటే అడుగుకి 5 సెంటీమీటర్లు. నీ గోడ ఒక సెంటీమీటరు. ఒక అడుగులో బయట ఉంది, మరుసటి అడుగులో లోపల ఉంది, మధ్యలో ఏం జరిగిందో ఇంజిన్‌కి తెలియదు. రిజిడ్ బాడీ వరల్డ్‌లో సబ్‌స్టెప్స్ 60 చెయ్యి.

చిన్న ముక్కలది వేరు. బుల్లెట్ సరిగ్గా పనిచేసేది 5 సెంటీమీటర్ల నుంచి 10 మీటర్ల మధ్య ఉన్న వస్తువులతో. నీ చూర్ణం 2 సెంటీమీటర్లు కూడా ఉండదు. పెంకులు, కర్ర, నేల వేరే ఫైల్లోకి తీసుకెళ్ళి అన్నిటినీ 10 రెట్లు పెంచు, గ్రావిటీని కూడా 98.1 చెయ్యి. బేక్ చేశాక (సిమ్యులేషన్ ఫలితాన్ని భద్రపరిచాక) మళ్ళీ పదో వంతుకి తగ్గించుకో.

#13 కృష్ణాతీరం

అన్నా, ముందు అసలు సైజే పెట్టమన్నారు, ఇప్పుడు పది రెట్లు పెంచమంటున్నారు. మళ్ళీ బెలూన్‌లా తేలదా?

#14 నల్లబల్ల

మంచి ప్రశ్న అమ్మా. పడే కాలం ఎత్తుని జీతో భాగించిన దాని మీద ఆధారపడుతుంది. రెండింటినీ పదితో గుణిస్తే భాగహారంలో పది పోతుంది. 40 మీటర్ల ఎత్తు, 98.1 గ్రావిటీ పెట్టినా అదే 0.9 సెకను, అవే 22 ఫ్రేములు. సైజు ఒక్కటే పెంచి గ్రావిటీని మరిచిపోతేనే తేలుతుంది. ఆయన చెప్పింది సరైనదే.

#15 కృష్ణాతీరం

అర్థమైంది మాస్టారూ. ఇక నా అసలు కష్టం. నా సీన్‌లో లంగా ఓణీ కట్టుకున్న అమ్మాయి మెట్లు దిగుతుంది. ఓణీ సన్నగా కనిపించాలని మెష్‌ని బాగా సబ్‌డివైడ్ చేశాను, అంటే గడుల్ని ఇంకా చిన్న గడులుగా విడగొట్టాను. చేసిన కొద్దీ తడిబట్టలా వేలాడుతోంది, సాగుతోంది. ఒక్కోసారి నడుం దగ్గర చిక్కుకుని సీన్ అంతా ముళ్ళ కంపలా పేలిపోతోంది.

#16 సున్నా_ఒకటి

నేను డల్లాస్‌లో ఉంటాను, గేముల్లో బట్ట కదలికకి కోడ్ రాయడం నా పని. ఇది నాకు బాగా ఇష్టమైన విషయం.

బ్లెండర్ క్లాత్‌లో బరువు మొత్తం బట్టకి కాదండీ, ఒక్కో వెర్టెక్స్‌కి, అంటే మెష్ గీతలు కలిసే ఒక్కో చుక్కకి. సిల్క్ ప్రీసెట్‌లో 0.15, కాటన్‌లో 0.3. మీరు ఒకసారి సబ్‌డివైడ్ చేస్తే వెర్టెక్స్‌లు సుమారు నాలుగు రెట్లవుతాయి, ఓణీ కూడా నాలుగు రెట్లు బరువెక్కుతుంది. రెండుసార్లు చేస్తే పదహారు రెట్లు. అది పట్టు ఓణీ కాదు, గోనెపట్టా. సబ్‌డివైడ్ చేసిన ప్రతిసారీ వెర్టెక్స్ మాస్‌ని నాలుగో వంతుకి తగ్గించండి, క్వాలిటీ స్టెప్స్‌ని 5 నుంచి 12 దాకా పెంచండి. మెష్ చిన్నదయ్యే కొద్దీ ఎక్కువ అడుగులు కావాలి.

జరీ అంచు మిగతా బట్ట కంటే బిరుసుగా ఉంటుంది కదా. అంచుకి ఒక వెర్టెక్స్ గ్రూప్ చేసి ప్రాపర్టీ వెయిట్స్‌లో బెండింగ్‌కి ఇవ్వండి. అంచు నిలబడి, మధ్య బట్ట గాలికి ఊగితే చూసేవాళ్ళకి వెంటనే ఓణీ అని తెలుస్తుంది. భుజం మీద పిన్ను పెట్టే చోట పిన్ గ్రూప్, అక్కడ బట్ట ఒంటిని వదలదు. నడక మొదలవడానికి 40 ఫ్రేముల ముందు నుంచే సిమ్యులేషన్ మొదలుపెట్టండి. ఆ 40లో అమ్మాయి చేతులు చాపిన భంగిమ నుంచి మెల్లగా నడక మొదటి భంగిమలోకి రావాలి, బట్ట ఒంటి మీద సర్దుకుంటుంది. పేలడానికి ముఖ్య కారణం చేయి నడుములోకి దూరి, మధ్యలో బట్ట నలగడం. అక్కడ బట్ట ఎటు పోవాలో ఏ లెక్కా చెప్పలేదు. యానిమేషన్‌లోనే చేతిని రెండు సెంటీమీటర్లు బయటికి జరపండి.

బట్ట పేలడం అనేది ఈ రంగం మొదటి నుంచీ ఉన్న సమస్య. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ సిగ్‌గ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సదస్సులో ఇచ్చిన పేపర్ దీనికి పెద్ద మలుపు. ఇప్పుడున్న బలాలతో కాకుండా, అడుగు పూర్తయ్యాక ఉండబోయే బలాలతో సమీకరణం కట్టి పరిష్కరించారు. పెద్ద అడుగులేసినా బట్ట పేలలేదు. కానీ ఆ పద్ధతిలో శక్తి కొంత హరించుకుపోయి, బట్ట నీళ్ళలో ఉన్నట్టు కాస్త మందంగా కదులుతుంది. తర్వాత 2006లో మథియాస్ ముల్లర్ బృందం బలాలు కాదని నేరుగా స్థానాలనే సరిదిద్దే పద్ధతి తెచ్చింది. గేముల్లో అది ఒక ఊపు ఊపింది. దాన్నే మెరుగుపరిచిన 2016 నాటి రూపం మీద ఇవాళ హూడినీ అనే ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్‌లో బట్టల సిమ్యులేషన్ చేసే వెల్లమ్ నడుస్తోంది. 2019లో అదే వరుస పరిశోధకులు చూపించింది నాకు చాలా నచ్చింది. ఒక పెద్ద అడుగులో పదిసార్లు సరిదిద్దడం కంటే, పది చిన్న అడుగులు వేసి ఒక్కోసారి సరిదిద్దితే ఫలితం మేలు. పెంకుటిల్లు గారు సబ్‌స్టెప్స్ పెంచమన్నదాని వెనకా ఇలాంటి విషయమే ఉంది.

#17 నల్లబల్ల

ఈ పేలుడు ఎక్కడ పుడుతుందో చేత్తో లెక్కవేసి చూపిస్తాను. పిల్లలు కాగితం తీసుకోండి.

ఒక స్ప్రింగుకి కట్టిన గుండు. స్థానం 1, వేగం 0. లాగే బలం ఎప్పుడూ స్థానానికి సమానం, వ్యతిరేక దిశలో. అడుగు అర సెకను. స్థానం వర్గం, వేగం వర్గం కలిపితే శక్తికి గుర్తు అనుకోండి, మొదట అది 1.

మొదటి పద్ధతి: పాత వేగంతో స్థానం, పాత స్థానంతో వేగం మార్చు. మొదటి అడుగుకి స్థానం 1, వేగం మైనస్ 0.5. శక్తి 1.25. రెండో అడుగుకి స్థానం 0.75, వేగం మైనస్ 1. శక్తి 1.56. ప్రతి అడుగుకీ నాలుగో వంతు పెరుగుతూ పది అడుగులకి తొమ్మిది రెట్లు దాటుతుంది. ఎవరూ తోయకుండానే!

రెండో పద్ధతి: ముందు వేగం మార్చు, ఆ కొత్త వేగంతో స్థానం మార్చు. వేగం మైనస్ 0.5, స్థానం 0.75. శక్తి 0.81. తర్వాత వేగం మైనస్ 0.875, స్థానం 0.31. శక్తి 0.86. ఇలా కొంచెం పైకీ కిందికీ ఊగుతుంది కానీ అదుపు తప్పదు. మార్చిందల్లా రెండు వరుసల క్రమం. మొదటిసారి ఈ లెక్క వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠంలో ఇంత ఉందా అనిపించింది.

#18 గోదారిగట్టు

ఇది నోట్‌బుక్‌లో రాసుకున్నాను మాస్టారూ. పెంకులు ఇప్పుడు బాగా పడుతున్నాయి.

ఇప్పుడు తాడు. మా ఊళ్ళో ఉట్లమాను ఎక్కడం ఉండదు. రెండు స్తంభాల మధ్య గిలకకి తాడు వేసి, అవతల ఒకాయన లాగుతూ వదులుతూ ఉంటాడు, కుండ పైకీ కిందికీ పోతుంది. తాడుని 40 చిన్న లింకులుగా చేసి ఒకదానికొకటి కన్‌స్ట్రెయింట్లతో కట్టాను. కుండ తగిలించగానే తాడు రబ్బరులా మూడు అడుగులు సాగుతోంది.

#19 సున్నా_ఒకటి

ఒక్కో లింకు బరువు ఎంత? 50 గ్రాములు పెట్టి ఉంటే, పెరుగుతో కలిపి 5 కిలోల కుండ దానికి వంద రెట్లు. తేలిక వస్తువులకి బరువు వస్తువు వేలాడితే ఇలాంటి ఇంజిన్లన్నీ తడబడతాయి. సవరింపు ఒక లింకు నుంచి ఇంకో లింకుకి మెల్లగా పాకుతుంది, 40 లింకులు దాటేలోపే అడుగు అయిపోతుంది. నిష్పత్తి పది రెట్లు దాటకుండా చూసుకోండి. లింకులు 12కి తగ్గించి ఒక్కోటి అర కిలో చేయండి. తెర మీద బరువు కనబడదు.

#20 గీతల_పుస్తకం

నేనైతే ఆ తాడుని సిమ్యులేట్ చేయనే చేయను. బరువు వేలాడుతున్న తాడు తిన్నని గీతలా ఉంటుంది. అక్కడ లెక్కకట్టడానికి ఏముంది? గిలక దగ్గర ఒక ఎంప్టీ (రెండర్‌లో కనబడని ఆనవాలు) పెట్టి, కుండని దానికి కట్టి, దాన్ని తిప్పితే కుండ ఊగుతుంది. పిల్లాడి నటనకి తగ్గట్టు కుండ ఎప్పుడు దగ్గరికి రావాలో, ఎప్పుడు తప్పించుకోవాలో నీ చేతిలో ఉండాలి. సిమ్యులేషన్‌కి కథ తెలియదు.

ఊపు కాలం మాత్రం నిజమైనది పెట్టు. తాడు 1 మీటరైతే పోయి రావడానికి 2 సెకన్లు, 48 ఫ్రేములు. 2 మీటర్లయితే 68 ఫ్రేములు. 3 మీటర్లకి 83. పొడుగు గిలక నుంచి కుండ నడుం దాకా కొలువు, మూతి దాకా కాదు. ఊపు 45 డిగ్రీల దాకా పోతే కాలం ఇంకో నాలుగు శాతం పెరుగుతుంది.

#21 పెంకుటిల్లు

అక్కా, మీ మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, ఇక్కడ తాడు పొడుగు మారుతూ ఉంటుంది. ఊగుతున్న కుండని పైకి లాగితే ఊపు త్వరపడటమే కాదు, కోణం కూడా పెరుగుతుంది. చేత్తో చేస్తే చాలామంది కాలం మార్చి కోణం మార్చడం మరిచిపోతారు. తమ్ముడు ఒకసారి గుండు, తాడు మాత్రమే ఉన్న చిన్న సిమ్యులేషన్ చేసి, దాన్ని పక్కన పెట్టుకుని చేత్తో కీఫ్రేమ్ చేస్తే రెండూ దొరుకుతాయి.

#22 గీతల_పుస్తకం

ఆ సంగతి నేను చెప్పాల్సింది, మరిచాను. నువ్వన్నదే సరైన దారి.

#23 గోదారిగట్టు

అలాగే చేశాను. కుండ కీఫ్రేముల మీద ఊగుతుంది, కర్ర తగిలే ఫ్రేములో పెంకుల యానిమేటెడ్ టిక్ (కీఫ్రేముల మీద నడిపే టిక్) తీసేశాను, ఊగుతున్న వేగంతోనే సిమ్యులేషన్‌లోకి వెళ్ళాయి. ఇక పెరుగు మిగిలింది. బ్లెండర్‌లో ద్రవాలు చేసే మాంటాఫ్లోలో డొమైన్ (ద్రవం లెక్కకట్టే పెట్టె) 2 మీటర్లు, రిజల్యూషన్ 128. బయటికొచ్చిన పెరుగు సగం గాల్లోనే మాయమవుతోంది.

#24 పెంకుటిల్లు

2 మీటర్లని 128తో భాగిస్తే ఒక్కో గడి ఒకటిన్నర సెంటీమీటర్లు. చిమ్మిన పెరుగు పలక మందం అర సెంటీమీటరు ఉంటే గడికి అది కనబడదు, మాయమవుతుంది. 256 చేస్తే గడి సగమవుతుంది, మెమరీ ఎనిమిది రెట్లవుతుంది. రిజల్యూషన్ పెంచే ముందు డొమైన్‌ని కుండ చుట్టూ బిగించు. బేక్ చేసిన పెంకుల్ని ఎఫెక్టర్లుగా (ద్రవానికి అడ్డుపడే వస్తువులుగా) ఇవ్వు. బ్లెండర్‌లో పెరుగు పెంకుల్ని తోయదు, పెంకులే పెరుగుని తోస్తాయి, ఈ షాట్‌కి అది చాలు.

గట్టి పెరుగుని నీళ్ళలా చేయకు. ఇంట్లో గిన్నె తీసుకుని ఒక గరిటెడు పై నుంచి జారవిడిచి చూడు. ముందు గడ్డ జారుతుంది, దాని వెనక పల్చటి నీరు. నేను ఆ గడ్డల్ని ఏడెనిమిది మెత్తటి వస్తువులుగా విడిగా చేసి, చుట్టూ పల్చటి ద్రవం మాత్రమే మాంటాఫ్లోతో చేస్తాను.

#25 గోదారిగట్టు

ఇవాళ షాట్ అంతా కలిపి చూశాను. పెంకులు, గడ్డ పెరుగు, కర్ర అన్నీ కుదిరాయి. కానీ పోయినేడు మా ఊళ్ళో తీసిన పండగ వీడియో పక్కన పెడితే ఒక తేడా ఉంది (ఈసారి ఫ్రేమ్ రేటు చూసే పెట్టాను, 30). వీడియోలో కుండ పగిలాక మెడ ముక్క ఒకటి తాడుకి మిగిలిపోతుంది. అది పగిలిన వెంటనే జానెడు పైకి ఎగిరి, అప్పుడు గిరగిరా తిరుగుతుంది. నా దానిలో మెడ మిగిలింది కానీ ఎగరడం లేదు, ఉన్నచోటే ఊగుతోంది. సెట్టింగ్ ఏదైనా తప్పా?

#26 నల్లబల్ల

సెట్టింగ్ కాదు బాబూ. తాడు అవతలి కొస ఎవరి చేతిలో ఉంది? ఆయన 5 కిలోల బరువుని నిలబెట్టడానికి లాగుతూ ఉన్నాడు. కుండ పగిలి ఆ బరువు ఒక్కసారిగా పోయింది, ఆయన చేతుల్లో పట్టు ఇంకా అలాగే ఉంది. అందుకే మెడ పైకి లేచింది. వీడియోలో ఆయన్ని చూడు, ఒక అడుగు వెనక్కి తూలి ఉండాలి.

#27 గోదారిగట్టు

మాస్టారూ, చూశాను. తూలాడు! ఎడమ కాలు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాడు. ఇన్నిసార్లు చూసి కూడా నేను కుండనే చూశాను, ఆయన్ని చూడలేదు. ఆయన నా సీన్‌లో లేనే లేడు, తాడు ఫ్రేము బయటికి పోయి ఆగిపోతుంది.

మెడకి పగిలిన తర్వాత 4 ఫ్రేముల్లో 18 సెంటీమీటర్లు పైకి కీ పెట్టాను, తర్వాత మళ్ళీ కిందికి జారుతుంది. ఇప్పుడు కెమెరాని కొంచెం కుడికి జరిపి ఆయన్ని కూడా మోడల్ చేస్తున్నాను. పంచె కట్టుకుని ఉంటాడు, కృష్ణాతీరం గారూ, వెర్టెక్స్ మాస్ ఎంత పెట్టారో చెప్పగలరా?

#28 కృష్ణాతీరం

నాది సిల్క్ ప్రీసెట్, రెండుసార్లు సబ్‌డివైడ్ చేశాను కాబట్టి 0.15ని పదహారుతో భాగించి 0.009 పెట్టాను. మీది నూలు పంచె కదా, కాటన్ 0.3 నుంచి మొదలుపెట్టి అలాగే తగ్గించండి. గోచీ దగ్గర పిన్ గ్రూప్ మరిచిపోకండి, ఆయన వెనక్కి అడుగు వేసినప్పుడు అక్కడే జారిపోతుంది.